వంటిల్లంతా పట్టే కెమెరా

"చేతిలో ఫోన్ పెట్టుకుని మళ్లీ కెమెరా ఏంది?" అన్నాడు మా ఆయన థామస్, క్యారియర్ కోసం చెయ్యి చాపుతూ.

నేను అప్పుడు క్యారియర్ మూత బిగిస్తున్నాను. కింది గిన్నెలో అన్నం, మధ్యలో దోసకాయ పప్పు, పైన పెరుగు. పై గిన్నె అంచు కాస్త వంకరపోయింది, రెండు మూడుసార్లు తిప్పితే గానీ పట్టదు. అది పట్టేలోపు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ బస్సు వీధి చివర హారన్ కొట్టింది. ఈ ఇంట్లో నేను చెప్పాల్సిన జవాబులన్నీ ఆ హారన్‌కి ముందే చెప్పేయాలి. లేకపోతే సాయంత్రం దాకా నాలోనే ఉండిపోతాయి. థామస్ చెప్పులేసుకుంటూ, "నీ జీతం నీ ఇష్టంలే. కొనేటట్టయితే మాత్రం నేను కూడా వస్తా. నీకు ఏదో ఒకటి అంటగడతారు" అని వెళ్లిపోయాడు. నా ఇష్టం అన్నాడు, తానూ వస్తానన్నాడు. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ గిన్నెలు తోమాను, మావయ్యకి బీపీ మాత్ర ఇచ్చాను, బట్టలు ఆరేశాను, ఎనిమిదింటికి నందిగామ బస్సెక్కాను.

కెమెరా ఎందుకో నిజానికి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. మా వంటిల్లు ఇరుకు. చేతులు చాపితే రెండు వైపులా గోడలు తగులుతాయి. ఆ వంటింటిని అటునుంచి ఇటు ఒకే ఫొటోలో పట్టే కెమెరా నాకు కావాలి.

పోయిన ఏడాది మా అత్తయ్య జయమణి ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ కూటానికి ఫ్లెక్సీ వేయించాలని ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ మంచం మీద పరిచారు. ఆడపడుచు మెర్లిన్ పెళ్లి ఫొటోలో అత్తయ్య ఒక చివర నీళ్ల జగ్గు పట్టుకుని ఉంది, సగం భుజం లేదు. మావయ్య మేస్టారుగా రిటైరైన రోజు ఫొటోలో ఆమె ముంజెయ్యి ఒక్కటే ఉంది. అది ఆమెదని గాజుల్లేని మణికట్టు చూసి నేనే గుర్తుపట్టాను. అప్పుడు వచ్చిన బంధువులందరి ముందూ థామస్ నావైపు తిరిగి, "ఇన్ని ఫొటోలు తీస్తావు, మా అమ్మది ఒక్కటి తియ్యలేకపోయావా?" అన్నాడు. మెర్లిన్ వదిన కళ్లు తుడుచుకుంటూ నావైపు చూసింది. ఇరవై మందికి టీ పెట్టే పని ఉందని వంటింట్లోకి వెళ్లాను.

చివరికి పెళ్లి ఫొటోలోంచి మొహం వరకూ కత్తిరించి ఫ్లెక్సీ షాపుకి వాట్సాప్ చేశారు. "తల ఒక్కటి చాలు సార్, మిగతాది నేను సెట్ చేస్తా" అన్నాడట ఆ షాపతను. సెట్ చేశాడు. ఫ్లెక్సీ విప్పేసరికి అత్తయ్య తల కింద ఎవరిదో ఒళ్లు ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, మెడనిండా కాసులపేరు, రెండు చేతులకీ డజనేసి గాజులు. మా సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. అత్తయ్య బాప్తిస్మం తీసుకున్న రోజున పుట్టింటివాళ్లు పెట్టిన చెవిదుద్దులు కూడా తీసేసి, బతికినన్నాళ్లూ తెల్లచీరల్లోనే గడిపింది. పాస్టరుగారు గేటు దగ్గరే ఆగిపోయి, మావయ్యతో "ఇశ్రాయేలుగారూ, అమ్మగారికి ఈ బంగారం ఎక్కడిదండీ?" అన్నారు. ఇంకోటి వేయించడానికి వేళ లేదు. థామస్ పరిగెత్తుకెళ్లి తెల్ల తువ్వాలు తెచ్చి మెడ కిందినుంచి అడ్డంగా కట్టాడు. ప్రార్థన జరిగినంతసేపూ అత్తయ్య ఆ తువ్వాలు మీంచి తల ఒక్కటీ పైకి పెట్టి మమ్మల్ని చూసింది. గాలికి తువ్వాలు ఎగిరినప్పుడల్లా కాసులపేరు తళుక్కుమనేది. వెనక వరసలో పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. అందరూ వెళ్లాక మావయ్య ఆ ఫ్లెక్సీ ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. నేను మాత్ర తీసుకెళ్లి ఇస్తే, "చీర మంచిదే వేశాడమ్మాయ్. నేనెప్పుడూ కొనలా అట్టాంటిది" అన్నారు.

నేను అత్తయ్యని తీయలేదన్నది అబద్ధం. మూడు ఫొటోలు తీశాను. ఒక ఆదివారం ప్రార్థన అయ్యి గుడి నుంచి వచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి తీశాను. ఫోన్‌లో మొహం పడితే చేతులు పడటం లేదు, చేతులు పడితే పొయ్యి పడటం లేదు. వెనక్కి జరిగితే నా వీపు ఫ్రిజ్‌కి ఆనుకుంది. ఇంకెక్కడికి జరగను? మొదటిదాంట్లో గంజి ఆవిరి ఆమె మొహాన్ని కమ్మేసింది. రెండోదాంట్లో పోపుడబ్బా మీద చెయ్యి, పక్కకి తిరిగిన చెంప. మూడోసారి ఆమె నన్ను చూసి, "నా మొహం ఎందుకే తల్లీ, అడ్డం లే, అన్నం మెత్తబడుద్ది" అని నవ్వింది. నవ్వు పడింది గానీ నుదురు తెగిపోయింది. మూడూ బాగా రాలేదు. అయినా ఉంచుకున్నాను. నెల తిరక్కుండా థామస్ నా ఫోన్ తీసుకుని ఏదో చూస్తూ, "మెమరీ ఫుల్ అని చూపిస్తంది. పొయ్యిలూ, ఉల్లిపాయలూ, ఏంది ఇవన్నీ? పనికిరానియ్యి డిలీట్ చేసా, చూడు ఇప్పుడెంత ఫాస్ట్‌గా ఉందో" అని తిరిగిచ్చాడు. నాకు మేలు చేసినట్టే ఇచ్చాడు. తర్వాత అందరి ముందూ నన్ను అడిగినప్పుడు కూడా అతను అబద్ధమాడలేదు. నిజంగానే గుర్తులేదు. ఏడాదిగా నాకు కాలు నిలవనివ్వనిది అదే. అతను అబద్ధమాడి ఉంటే ఒకసారి గట్టిగా దెబ్బలాడేసి ఊరుకునేదాన్నేమో.

బడిలోనూ ఫొటోలు నేనే తీస్తాను. జి.కొండూరు దగ్గర పల్లెలో, ప్రభుత్వ బడిలో చదువుకున్నదాన్ని. నందిగామలో ఈ ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేరిన కొత్తలో, అందరూ మాట్లాడుతుంటే నేను చూస్తూ ఉండేదాన్ని. "సూసన్ మేడం మాట్లాడరుగానీ, మేడం తీస్తే ఫొటో బాగుంటది" అని కరస్పాండెంటుగారు అనడంతో ఆ పని నాకు స్థిరపడిపోయింది. ఆఫీసు గోడ మీద ఐదేళ్ల స్టాఫ్ ఫొటోలున్నాయి. ఒక్కదాంట్లోనూ నేను లేను. ఒకదాంట్లో మాత్రం, ఉదయపు ఎండ నా వెనకనుంచి పడటం వల్ల, నేల మీద పొడుగాటి నీడ ఒకటి కరస్పాండెంటుగారి బూట్ల దాకా వెళ్లి ఆగింది. రోజూ సంతకం పెట్టేటప్పుడు దాన్ని చూస్తాను. అది నేనే.

దసరా నుంచి మధ్యాహ్నం లీజర్ పీరియడ్‌లో కెమెరాల గురించి చదవడం మొదలుపెట్టాను. చిన్నది కావాలి, హ్యాండ్‌బ్యాగులో పట్టాలి. దానికి ఎవరూ కాల్ చేయకూడదు. దాన్ని ఎవరూ తీసుకుని వేలితో జరుపుతూ చూడకూడదు. ఇక ముఖ్యమైనది లెన్సు. అందులో ఒక విచిత్రం ఉంది. దాని మీద రాసే మిల్లీమీటర్ల నంబరు తగ్గేకొద్దీ ఫొటోలో పట్టే చోటు పెరుగుతుంది. ముప్పై ఐదు కన్నా ఇరవై ఎనిమిది వెడల్పు, ఇరవై ఎనిమిది కన్నా ఇరవై నాలుగు ఇంకా వెడల్పు. పాఠాల నోట్సు అంచున ఇరవై నాలుగు అని రాసి చుట్టూ సున్నా చుట్టుకున్నాను. స్టాఫ్ రూంలో ఒక మేడం చూసి, "ఏంటి సూసన్, ఎవరి పుట్టినరోజు?" అంది.

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక జగ్గయ్యపేటలో బస్సు దిగేసరికి థామస్ స్టాండు బయట బండి మీద ఉన్నాడు. బసవయ్యగారి స్టూడియోకి వెళ్లాం. పెళ్లిళ్లకి ఇప్పుడు డ్రోన్లు తెచ్చుకున్నాడాయన. చిన్న కెమెరాలు అద్దాల బీరువాలో మిగిలిపోయాయి. రెండు తీసి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు.

"ఇది ఇరవై రెట్ల జూమ్ సార్. ఇదేమో జూమ్ తక్కువ, వెడల్పెక్కువ. ఇరవై నాలుగు."

థామస్ మొదటిది అందుకుని వీధిలోకి గురిపెట్టాడు. లెన్సు బయటికి సాగుతుంటే అతని మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది. "అబ్బో! ఆ చివర మెడికల్ షాపు బోర్డు చదవొస్తంది చూడు. మన డాబా ఎక్కితే హైవే మీద లారీ నంబర్లు కనపడతయ్!"

"లారీ నంబర్లు రాసుకోటానికి ఆర్టీవో ఆఫీసు ఉందిగా సార్" అన్నాడు బసవయ్యగారు. ఆ మాట అంటూనే నావైపు చూసి, "వాడేది మేడమా?" అన్నాడు.

"ఆవిడే. ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తయ్. ఇదే ప్యాక్ చెయ్యండి."

నేను రెండోది చేతిలోకి తీసుకున్నాను. స్విచ్ నొక్కి దాని వెనకున్న తెర అద్దంలోకి చూశాను. కదలకుండానే బల్ల, బల్ల వెనక బసవయ్యగారు, పక్కన థామస్, గోడ మీద క్యాలెండరు, కింద చెప్పుల వరస, అన్నీ పడ్డాయి. వెనక్కి జరగాల్సిన పని లేదు.

"ఒక్కటి చెప్తా మేడం, మళ్లీ వచ్చి నన్ను తిట్టకూడదు" అన్నాడు బసవయ్యగారు. "మరీ వెడల్పు లెన్సుకి ఒక లక్షణం ఉంటది. అంచుల్లో నిలబడ్డోళ్లు కాస్త సాగినట్టు, పెద్దగా వస్తారు. గ్రూపు తీస్తే పెద్దోళ్లని మధ్యలో పెట్టుకోండి."

"అదిగో, డిఫెక్టు ఆయనే చెప్తన్నాడు" అన్నాడు థామస్. "దూరంగా ఉండేది చూపించని కెమెరా ఎందుకు? ఏం తీస్తావు దీంతో?"

"వంటిల్లు."

"వంటింటికి ఫోన్ చాలదా?"

బీరువా అద్దంలో మేమిద్దరం కనిపిస్తున్నాం. నేను అందులోకే చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పాను. "ఫోన్‌లో అత్తయ్యవి మూడు ఫొటోలు తీశానండీ. వంటింట్లో. పనికిరానివని మీరు డిలీట్ చేశారు."

అతను జూమ్ కెమెరాని బల్ల మీద పెట్టాడు. లెన్సు ఇంకా పూర్తిగా సాగి ఉంది. "ఎప్పుడు?" అన్నాడు. తర్వాత అతనే గుర్తు చేసుకున్నాడు. అద్దంలో నావైపు చూస్తున్నవాడల్లా తల దించాడు. బసవయ్యగారు గుడ్డ తీసుకుని అవసరం లేని చోటల్లా తుడవడం మొదలుపెట్టాడు. నా హ్యాండ్‌బ్యాగు తెరిచి, నేనే డబ్బిచ్చి, రెండోది తీసుకున్నాను. ఇంటికి వస్తుంటే థామస్ స్పీడ్ బ్రేకర్ల దగ్గర బండిని ఎప్పుడూ లేనంత నెమ్మదిగా పోనిచ్చాడు.

ఇంటికొచ్చి చీర కూడా మార్చకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. కెమెరా ఎత్తితే అంతా పట్టింది. పొయ్యి, గంజి వార్చే చోటు, పోపుడబ్బా, సింకు, అత్తయ్య చేతులు తుడుచుకునే తువ్వాలు వేలాడిన మేకు, రెండు గోడలూ. ఒక మనిషి నలభై ఏళ్లు తిరిగిన చోటంతా నా అరచేతిలోని అద్దంలో ఇమిడిపోయింది. మనిషి మాత్రం లేదు. నేను అనుకున్నది ఏమిటంటే, బియ్యం డ్రమ్ము మీద కెమెరా పెట్టి, పది సెకన్ల టైమర్ పెట్టి, వెళ్లి ఆ పొయ్యి ముందు నిలబడాలని. నా తల కింద రేపు ఎవరూ ఇంకొకరి ఒళ్లు అతికించకూడదని. టైమర్ పెట్టాను. ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది. పొయ్యి ముందు నిలబడే ఆ ఖాళీ నా కొలతకే తీసి ఉంచినట్టుంది. అందులోకి వెళ్లి ఇమడబుద్ధి కాక నేను కదల్లేదు. పది సెకన్లూ అయిపోయాయి, కెమెరా టిక్కుమంది, ఖాళీ వంటిల్లు పడింది. ఆ ఫొటోని ఉంచుకున్నాను.

వరండాలో మావయ్య, థామస్ వచ్చే ఆదివారం గురించి మాట్లాడుకుంటున్నారు. అత్తయ్య పోయి ఏడాది అవుతోంది, మళ్లీ కూటం. అరవై మంది రావొచ్చు. నన్ను చూసి మావయ్య ఎప్పటిలాగే, "అమ్మాయ్, అన్నం, కోడికూర, పప్పుచారు చాలు గదా? మెర్లిన్‌ని ముందురోజే రమ్మందాం, నీకు సాయం" అన్నారు.

"భోజనాలు క్యాటరింగ్ వాళ్లకి చెప్పండి మావయ్యా" అన్నాను. "వదినా నేనూ వండం. ఆ రోజు గ్రూపు ఫొటోలో మేమిద్దరం ఉండాలి."

మావయ్య థామస్ వైపు చూశారు. థామస్ నా చేతిలోని కెమెరా వైపు చూస్తున్నాడు. "మరి తీసేదెవరు?" అన్నాడు.

"గోడ మీద పెడితే అదే తీసుకుంటుంది."

"సరే, క్యాటరింగ్‌కి రేపే చెప్తా" అన్నాడు, ఎటో చూస్తూ. వెంటనే ఇంకేదో చేయాలన్నట్టు లేచి, "నాన్న పక్కన కుర్చీ వేస్తాలే. మధ్యలో కూర్చో" అన్నాడు.

"వద్దండీ. నేను అంచునే ఉంటాను" అన్నాను. "ఇందులో అంచున నిలబడ్డవాళ్లే పెద్దగా వస్తారంట కదా."