డాబా మీద పాస్తా

బుడమేరు పొంగి వాళ్ల వీధిని ముంచేసిన మర్నాడు సాయంత్రానికి కృప వంటింట్లో కడుపు నింపే తిండి అంటూ మిగిలింది రెండు పాస్తా ప్యాకెట్లే. మెట్ల కింది గదిలో ఉన్న బియ్యం బస్తా మునిగిపోయింది. భర్త సురేష్ డ్యూటీ మీద గుంటూరు వెళ్లి అక్కడే చిక్కుబడిపోయాడు. మేడ మీద వాటాలో ఇప్పుడు కృప, ఆమె అత్తగారు అమలమ్మ, కింది వాటా వదిలి కట్టుబట్టలతో పైకొచ్చిన మునీర్, షాహీదా దంపతులు ఉన్నారు. తిండి పంచే పడవ ఇంకా ఈ సందులోకి రాలేదు. పొద్దున తిన్న బిస్కెట్లతోనే అందరూ కూర్చున్నారు.

పాస్తా అంటే అమలమ్మకు గిట్టదు. కృప ఒకసారి సరదాపడి వండితే అది ముద్దయిపోయింది. “గోడకి పోస్టర్లంటించుకోవచ్చమ్మాయ్” అని ఆవిడ పళ్లెం పక్కకు నెట్టేసింది. ఆ తర్వాత కృప ఆ ప్యాకెట్ల జోలికి పోలేదు.

ఇప్పుడు వాటిని తీసి, కూరల బుట్ట బోర్లించింది. ముడతలు పడ్డ క్యాప్సికంలు, సగం కోసిన బీరకాయ, గుప్పెడు దొండకాయలు, ఒక క్యారెట్, మెత్తబడ్డ టమాటాలు రాలాయి.

“దీన్ని బోలెడు నీళ్లలో ఉడకబెట్టి వార్చాలి కదమ్మా?” అంది షాహీదా.

మునీర్ మంచినీళ్ల టిన్ను వంచి చూశాడు. “వార్చి పారబొయ్యడానికి నీళ్లెక్కడివి? ఇవి రేపటిదాకా తాగాలి.”

కృప ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్లీ ముద్దయితే ఈసారి నవ్వుకోవడానికి కూడా ఉండదు, అందరూ పస్తే.

“షాహీదా గారూ, మీరు పులావు వారుస్తారా?”

“ఛ, పులావు వారుస్తారా ఎవరైనా? ఎసరు కొలిచి పోస్తాం.”

“అయితే దీనికీ ఎసరే పెడదాం.”

పెద్ద మూకుడులో నూనె కాగాక వెల్లుల్లి, ఎండుమిర్చి వేసింది. టమాటాలు చేత్తో చిదిమి వేసి, తరిగిన కూరముక్కలన్నీ అందులో పడేసింది. అవి సగం మగ్గాక పచ్చి పాస్తా పోసి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి మూత పెట్టింది. అడుగంటుతుందేమోనని మధ్యమధ్య మూత తీసి గరిటె తిప్పింది. డాబా మీద కుండీలో వామాకు గుర్తొచ్చి, పరుగున వెళ్లి నాలుగు ఆకులు తుంచి తెచ్చి చిదిమి వేసింది. ఫ్రిజ్‌లో కరిగిపోతున్న వెన్నముద్ద కూడా అందులోనే పడింది.

చివరిసారి మూత తీసేసరికి నీళ్లు లేవు. టమాటా గుజ్జు చిక్కబడి ప్రతి పాస్తా ముక్కకీ అంటుకుంది. ఏ ముక్కకా ముక్క విడిగా నిగనిగలాడుతోంది.

మూకుడు డాబా మీదికి మోసుకెళ్లారు. అమలమ్మ చెంచాతో కొంచెమే తీసుకుని నోట్లో పెట్టుకుంది. పళ్లెం ఖాళీ చేసి ముందుకు చాపింది.

“చూస్తావేంటి? పెట్టు. దొండకాయలెక్కువ పడేలా పెట్టు.”

మునీర్ గట్టిగా నవ్వేశాడు. కృపకు కళ్లు చెమ్మగిల్లాయి, మిరపకాయ ఘాటని అందరికీ చెప్పింది.

ఎదురు డాబా మీద ఏసుపాదం మాస్టారి కుటుంబం వీళ్లవైపే చూస్తోంది. “ఏంటండీ ఆ వాసన! ఇక్కడ పిల్లలు ఆగట్లేదు!” అని ఆయన కేకేశాడు.

కృప నోరు తెరిచేలోపే అమలమ్మ పిట్టగోడ దగ్గరికి నడిచింది.

“మా కోడలు ఇటలీ వంట చేసిందండీ మాస్టారూ! తాడు విసరండి!”

బట్టలు ఆరేసే తాడు ఒక కొస సందు మీదుగా ఇటు పడింది. మునీర్ దాన్ని అందుకుని పిట్టగోడ పైనున్న ఇనుప ఊచకు బిగించాడు. మూతపెట్టిన స్టీలు క్యారేజీని తాడుకు తగిలించి, దాని పిడికి ఇంకో తాడు కట్టి, ఆ తాడు కొసను అవతలికి విసిరారు. మాస్టారు వాళ్లు లాగుతుంటే బురద నీళ్లకు పైగా, మెల్లగా ఊగుతూ, క్యారేజీ అవతలికి చేరింది. అక్కడ పిల్లలు ఒక్కసారిగా గోల చేశారు.

“ఇంకో గిన్నె పంపనా మాస్టారూ?” ఈసారి కేకేసింది కృపే.