కోటు లేని పట్టు

రెండు వేల పదకొండు సెప్టెంబర్. ప్రత్యేక తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో జనగామలో బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు. చౌరస్తా పక్కన వరసగా వెలసిన దీక్షా శిబిరాల్లో టీచర్లది ఒకటి. దాన్ని ఆనుకునే ఆర్టీసీ వాళ్లది.

అరుణ బాలికల హైస్కూల్లో వ్యాయామ టీచరు. కాలేజీ రోజుల్లో జూడోలో పతకాలు తెచ్చుకుంది. ముప్పై నాలుగేళ్లు వచ్చినా బడి ఆవరణలో ఆడపిల్లలకు జూడో నేర్పుతూనే ఉంది. ఆ సంగతి ఎవరో చెబితే విని, నీలి ఒక సాయంత్రం టీచర్ల శిబిరంలోకి వచ్చింది. నీలి బస్సు కండక్టరు. మహబూబాబాద్ దగ్గరి తండా ఆమెది. కబడ్డీలో ఆమె చేతికి చిక్కినవాళ్లు మళ్లీ గీత ముట్టింది లేదని పేరు.

"టీచరమ్మా, కూసోని కూసోని నడుం పట్టేసింది. జర ఒక పట్టు పడ్దామా?"

అందరూ చప్పట్లు కొట్టారు. అరుణ చున్నీ నడుముకు బిగించి లేచింది. శిబిరంలో పరిచిన పరుపుల మీదే ఇద్దరూ తలపడ్డారు. అరుణ చేతులు అలవాటు కొద్దీ జూడో కోటు గల్లా కోసం వెతికాయి. కోటు లేదు. చెమట పట్టిన భుజం వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. అంతలో నీలి వంగి నడుము చుట్టేసి, ఆమెను లేపి, మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టింది.

శిబిరమంతా గొల్లున నవ్వింది. అరుణ కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. ఇన్నేళ్లూ తాను నేర్చుకున్నది గుడ్డను పట్టుకోవడమేనా?

ఆ పరుపులు అబ్దుల్ బారీవి. దీక్షలో కూర్చున్నవాళ్ల కోసం తన దుకాణం నుంచి ఆయనే తెచ్చి వేశాడు. పరుపులు కుట్టే ఆ అరవై నాలుగేళ్ల మనిషి వయసులో ఉన్నప్పుడు ఊరూరా కుస్తీలు గెలిచిన పహిల్వాన్. ఇప్పుడు మోకాళ్లు వంగవు. మర్నాడు ఉదయం ఆయన అరుణను పలకరించాడు.

"నిన్న సూసిన బిడ్డా. నీకు బలం తక్కువ లేదు. కోటు లేకుంటే ఏం పట్టాల్నో తెల్వది, గంతే. దుకాణం ఎనుకకు రా, చెప్త."

దుకాణం వెనక పెరట్లో ఆయన ఒక పరుపును చుట్టి, తాడుతో స్తంభానికి నిలబెట్టి కట్టాడు. "గిదే నీ నీలి. ముందుగాల మెడ మీద అరచెయ్యి ఎయ్యి. గుంజకు. మోచెయ్యి ఆమె రొమ్ముకు ఆనిచ్చి, నీ బరువంతా దాని మీద ఎయ్యి. రెండో చెయ్యి సంక కిందికెళ్లి పోనిచ్చి ఈపు మీదికి తే."

అరుణ మూడు రోజులు పరుపుతో కుస్తీ పట్టింది. చెప్పినట్టే చేస్తున్నా ఏదో కుదరడం లేదు. నాలుగో రోజు లోపల సూది పని చేసుకుంటున్న జహీరా బేగం, బారీ భార్య, ఇక ఆగలేక బయటికి వచ్చింది.

"పరుపు మనిషి మీదికొస్తదా? నెడ్తదా? జర జరుగుండ్రి," అని భర్తను పక్కకు తప్పించి, తాడు విప్పేసి, పరుపు ఉన్న చోట తాను నిలబడింది. "పట్టు బిడ్డా."

"చాచీ, మీకు దెబ్బ తగుల్తది."

"దూది మూటలు మోసిన ఒళ్లమ్మా ఇది. పెండ్లయిన కొత్తల ఈయనకు జోడీ దొరక్కపోతె నన్నే నిలవెట్టి పట్లు పట్టెటోడు. ఎవలకు చెప్తం?"

బారీ సిగ్గుపడి తల గోక్కున్నాడు.

జహీరా బేగం చేతుల్లో అరుణకు అసలు సంగతి తెలిసింది. చంక కింద చెయ్యి పెట్టడం చాలదు, ఎదుటి భుజం పైకి లేవాలి. చెవి ఎదుటి మనిషి ఛాతీకి అంటుకోవాలి. నడుము చుట్టాక వేళ్లు ఒకదాంట్లో ఒకటి జొనిపితే విరుగుతాయి, అరచేతిని అరచేతితో కొక్కెంలా బిగించాలి. అరుణ పొరపాటు చేసినప్పుడల్లా ఆమె నవ్వుతూ పడేసేది. పది రోజులు అలా గడిచాయి.

అక్టోబర్లో ఒక రోజు హైవే మీద రాస్తారోకో. ఒక పక్క వంటావార్పు, ఇంకో పక్క ఆటలు. బారీ తోపుడు బండి మీద పరుపులు తెచ్చి రోడ్డు మీద పరిపించాడు.

నీలి మొదటిసారి లాగానే నడుము కోసం వంగింది. అరుణ అరచెయ్యి మెడ మీద పడింది, మోచెయ్యి ఛాతీని అడ్డుకుంది. నీలి తల ఎత్తలేక, ముందుకు రాలేక అక్కడే ఆగిపోయింది. విడిపించుకోబోయి చెయ్యి లేపిన క్షణంలోనే అరుణ ఆ చంక కింద దూరింది. భుజం లేచింది. రెండు అరచేతులు నీలి వెనక బిగుసుకున్నాయి. మడమ వెనక కాలు అడ్డం పెట్టి ఒక్క అడుగు ముందుకు వేసింది. నీలి వీపు పరుపుకు ఆనింది.

ఆగి ఉన్న లారీల డ్రైవర్లు హారన్లు మోగించారు. టీచర్లు, కండక్టర్లు కలిసి జై తెలంగాణ అని అరిచారు. నీలి పడుకునే నవ్వుతూ అడిగింది.

"ఎవలు నేర్పిన్రక్కా గిది?"

అరుణ వంట దగ్గరికి వేలు చూపించింది. అక్కడ జహీరా బేగం గరిటెతో పప్పు కలుపుతోంది.

"గా అవ్వనా!" నీలి నమ్మలేదు. అందరూ పిలవగా పిలవగా జహీరా బేగం చేతులు తుడుచుకుంటూ వచ్చి పరుపు మీద నిలబడింది.

"లేపు బిడ్డా నన్ను."

నీలి మూడు సార్లు ప్రయత్నించింది. మూడు సార్లూ మెడ మీద ఆ పండిన అరచెయ్యి ఆమెను కదలనివ్వలేదు. చివరికి నీలి పరుపు మీద కూలబడి రెండు చేతులూ జోడించింది. అబ్దుల్ బారీ అందరికీ వినబడేలా అన్నాడు.

"ఎందరినో గెలిచిన. గీమె మీద మాత్రం ఎన్నడు గెల్వలే."

సమ్మె ముగిసి బడి తెరిచాక, అరుణ హెడ్మాస్టరు అనుమతి తీసుకుని శనివారం సాయంత్రాలకు జహీరా బేగంను పిలిచింది. డ్యూటీ లేని వారాల్లో నీలి కూడా వచ్చేది. రెండు నెలలు తిరిగేసరికి పదో తరగతి పిల్ల ఒకతి, తడబడుతూనే, పట్టు కుదుర్చుకుని జహీరా బేగంను కింద పడేసింది. పిల్లలంతా భయపడి చుట్టూ మూగారు. ఆమె పడ్డ చోటే కూర్చుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"షాబాష్! నా చెయ్యి పట్టి లేపు. మళ్ల పట్టు పడ్దాం."