పిలవని బంతి

పొద్దున్నే సోములమ్మ బుట్ట పుచ్చుకుని కాఫీ తోటలోకి వెళ్ళేది. చెట్టు కింద బుట్ట పెట్టి, "రండమ్మా" అనేది, అంతే. పండినవన్నీ కొమ్మ వదిలి బుట్టలోకి వచ్చేసేవి. పచ్చివి కదిలేవి కావు. చెట్టుకొక్క పండుని మాత్రం ఆమె పిలవదు. ఆఖరిది చెట్టుకే వదిలెయ్యాలి, ఆ ఊళ్ళో అందరూ పాటించే మర్యాదే అది. తల్లీతండ్రీ లేని మనవరాలు హేమలతకీ ఆ పిలుపు అబ్బింది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరే, మూడో మనిషి లేడు.

రెండువేల ఎనిమిదిలో హేమలత పదో తరగతి. ఆ జనవరిలో విశాఖపట్నంలో రోబోల పోటీ పెట్టారు, బడికొక్కరు. గెలిస్తే పాలిటెక్నిక్‌లో సీటు, హాస్టలు, అన్నీ ఉచితం. లేకపోతే ఆ పిల్ల చదువు పదితో సరి. సైన్సు చెప్పే సత్యకుమారి మేడం, తనూ కలిసి పాత కారు వైపర్ మోటారుతో, వెదురు బుట్టతో ఓ రోబో కట్టుకున్నారు. అరకు నుంచి వెళ్ళే రైల్లో మేడం రూల్సు చదివి వినిపించింది. సొరంగం వచ్చినప్పుడల్లా ఆగి, వెలుగొచ్చాక మళ్ళీ మొదలెట్టేది. నేల మీద చల్లిన బంతుల్ని రోబో ఎత్తి తన బుట్టలో వేసుకోవాలి. విజిల్ ముందు చేత్తో ఆరు బంతులు లోడ్ చేసుకోవచ్చు. విజిల్ తర్వాత చేత్తో ముట్టకూడదు. చివరికి ఎవరి బుట్టలో ఎక్కువుంటే వాళ్ళదే గెలుపు. కానీ నేల మీద ఒక్కటీ మిగల్చకుండా ఊడ్చేస్తే ఓడినట్టే.

ఆఖరి ఆటలో విజిల్ వేశారో లేదో, రోబో బంతులెత్తే చెయ్యి కాస్తా బిగుసుకుపోయింది. అవతల పట్నం బడి రోబో తొమ్మిదో బంతి ఎత్తేసింది. హేమలత మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లోనే, "రండమ్మా" అంది.

బంతులు కదిలాయి. మూలమూలల నుంచి దొర్లుకుంటూ వచ్చి, రోబో ఒళ్ళంతా పాకి, ఒకదాని వెనక ఒకటి బుట్టలోకి దిగాయి. హాల్లో ఈలలన్నీ ఆగిపోయాయి. దూరాన సముద్రం హోరు కూడా వినబడింది. జనం కుర్చీల్లోంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పట్నం బడి మాస్టారు ఊరుకోలేదు. విజిల్ తర్వాత పిలవడం లోడింగ్ కాదా అని నిలదీశాడు. రిఫరీ వరహాలరావు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం రెండుసార్లు తిరగేశాడు.

"చేత్తో ముట్టకూడదన్నారు. పిలవకూడదని ఎక్కడా లేదండి," అన్నాడు.

మాస్టారు ఇంకో పేజీ చూపించాడు. నేలంతా ఊడ్చేసింది కదా, ఓడినట్టే కదా అన్నాడు. వరహాలరావు వంగి చూశాడు. హేమలత మోకాలి పక్కనే ఒక బంతి ఉంది.

"ఇదెందుకు రాలేదమ్మా?"

"దాన్ని నేను పిలవలేదు సార్. ఆఖరిది వదిలేస్తాం."

ఆయన ఆ బంతినీ, పిల్లనీ మార్చి మార్చి చూశాడు. ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

జూన్‌లో సీటు కాయితం వచ్చింది. అరకు స్టేషన్‌లో సోములమ్మ రాగుల మూట కిటికీలోంచి అందించింది. బండి ఎంతకీ కదలదు. హేమలత మామ్మ మొహంకేసే చూస్తూ కూర్చుంది. మామ్మ ఆ ఒక్క పిలుపూ పిలిస్తే చాలు, సంచీతో సహా దిగిపోతుందని ఇద్దరికీ తెలుసు.

బండి కదిలింది. సోములమ్మ పెదాలు బిగించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి పెట్టె మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆ కొంగు తియ్యలేదు.