ఎవరి ముక్క వాళ్ల వైపే

ఆ ఆస్పత్రి ల్యాబ్‌లో రోజూ పొద్దున మేడమ్ ప్రశ్నతోనే తెల్లవారుతుంది.

"ఒక దిమ్మ కోయడం అయ్యాక, రెండోది పెట్టేముందు ఏం చేయాలి?"

"నీళ్లు తుడవాలి!" అని అక్కడ పని నేర్చుకునే పిల్లలంతా ఒక్క గొంతుతో అరుస్తారు. కొందరు ఆవలిస్తూ అరుస్తారు. అయినా సరే, అరవనిదే మేడమ్ పని మొదలుపెట్టనివ్వదు.

ఆ పనేమిటంటే, రోగి ఒంట్లోంచి డాక్టర్లు తీసిన చిన్న ముక్కను మైనంలో దిమ్మలా పోత పోస్తారు. ఆ దిమ్మను కోత మిషనుకు బిగించి చక్రం తిప్పితే ఉల్లిపొర కన్నా పల్చటి పొరలు వస్తాయి. వాటిని గోరువెచ్చటి నీళ్ల తొట్టెలో వదిలితే ముడతలు పోయి సాపుగా పరుచుకుంటాయి. అప్పుడు కిందినుంచి గాజు స్లైడు పోనిచ్చి మెల్లగా పైకి లేపాలి. నీటి మీద మిగిలిన తునకలను కాగితంతో తుడిచేయాలి. రంగు వేసి ఇస్తే డాక్టరు చూసి జబ్బేమిటో చెబుతాడు. వినడానికి ఇంతే. చేయబోతే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంకో సంగతి కూడా మేడమ్ మొదటి వారంలోనే చెప్పేస్తుంది. ముక్క తాలూకు మనిషి ఆ బిల్డింగులోనే ఉంటే, నీళ్లలో పడ్డ పొర ఆ మనిషి ఉన్న వైపుకి జరుగుతుంది. వరండాలో ఉంటే వరండా వైపు, పై వార్డులో ఉంటే మెట్ల వైపు. మనిషి బయటెక్కడో ఉంటే కదలకుండా పడుంటుంది. "అందుకే ముందు వాళ్లను టీ తాగి రమ్మని బయటికి పంపండి. లేకపోతే పొరలన్నీ ఓ మూలకు చేరి మడతలు పడి నా ప్రాణం తీస్తాయి" అంటుంది మేడమ్. పరీక్షలో ఈ ప్రశ్న రాదు కాబట్టి పిల్లలెవరూ రాసుకోరు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి పేరు తుఫాను. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. నడవమంటే పరిగెత్తేది, పట్టుకోమంటే లాక్కునేది. చెయ్యి మాత్రం మంచి చెయ్యి. ఆమె తిప్పితే పొరలు రిబ్బనులా తెగకుండా వచ్చేవి. "ఈ పిల్లకు దేవుడు చేతులిచ్చి ఓపిక ఇవ్వడం మర్చిపోయాడు" అని మేడమ్ తిట్టేది. ఆ తిట్టులో కాస్త మురిపెం కూడా ఉండేది.

తల్లి పోయాక తుఫానును పెంచింది పిన్ని. పిన్ని బస్టాండులో మైకు దగ్గర పనిచేస్తుంది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో చెప్పే గొంతు ఆమెదే. ఇంట్లోనూ అదే వరస. "స్నానానికి వెళ్లవలసిన వారు వెంటనే బయలుదేరవలెను!" అని వంటింట్లోంచి అందుకుంటే పక్కింటి వాళ్లు కూడా తువ్వాళ్లు వెతుక్కునేవారు.

అలాంటి గొంతు ఈమధ్య బొంగురుపోయింది. డాక్టర్లు లోపల బుడిపె చూసి, చిటికెడు ముక్క తీసి ల్యాబ్‌కి పంపారు. "మా పిన్నిది నేనే కోస్తా" అని తుఫాను పట్టుబట్టి కోసింది. నిన్న ఫలితం వచ్చింది. చెడ్డ జబ్బు. రేపు పొద్దున ఆపరేషను. ప్రాణం దక్కుతుంది, స్వరపేటిక మాత్రం తీసేయాలి. ఇక మాట ఉండదు.

పిన్ని ఏడవలేదు. మాట్లాడొద్దన్నారు కాబట్టి, తన బదులు మైకు దగ్గర ఎవరిని కూర్చోబెట్టాలో పై అధికారికి సైగలతో చెప్పి వచ్చిందట. అది విని తుఫాను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది.

ఈరోజు పొద్దున పిన్ని ఆస్పత్రిలో చేరడానికి వచ్చి, మంచం ఖాళీ అయ్యేదాకా ల్యాబ్ బయట వరండా బల్ల మీద కూర్చుంది. లోపల పిల్లల సంబరానికి అడ్డూ ఆపూ లేదు. కొత్త ఆటోమేటిక్ మిషను ఈరోజే మొదలు! రక్తం గొట్టాలు వరసగా పెడితే చాలు, తనే తీసుకుని, తనే పరీక్ష చేసి, తనే అంకెలు చెప్పేస్తుంది. దాని మీద శిక్షణకు ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కరూ తుఫానే అవుతుందని అందరూ ముందే పందేలు కాశారు. ఆ మిషను కోసం ఆమె కలలు కంది. పెట్టెలో దిగిన రోజు అందరికన్నా ముందు పరిగెత్తింది ఆమే.

మేడమ్ వచ్చింది. అలవాటు ప్రకారం అడిగింది. "రెండోది పెట్టేముందు ఏం చేయాలి?"

"నీళ్లు తుడవాలి!"

అందరితోపాటు అరిచిన తుఫాను గొంతు మధ్యలోనే ఆగిపోయింది. మిషను దిగిన రోజు. లారీ హారను మోగింది. ఇప్పుడు పై వార్డులో ఉన్న ఓ తాతగారి దిమ్మ అప్పుడే అయింది. పిన్ని దిమ్మ చేతిలో ఉంది. గబగబా కోసి, ఎత్తి, పరిగెత్తింది. మధ్యలో నీళ్లు తుడిచిందా?

తుడవలేదు.

"మేడమ్!" అంది. "పిన్ని స్లైడు మీద ఉన్నది పిన్నిదే అయ్యుండకపోవచ్చు. ముందు కోసిన తాతగారి ముక్క నీళ్లలో మిగిలిపోయి ఎక్కేసిందేమో. నేను తుడవలేదు మేడమ్. లారీ వచ్చిందని పరిగెత్తాను."

మేడమ్ ముఖం కందగడ్డ అయింది. తిట్లు పెదాల దాకా వచ్చాయి గానీ, మింగేసి తుఫాను చెయ్యి పట్టుకుని స్లైడ్ల డాక్టరు గదిలోకి లాక్కెళ్లింది.

డాక్టరు స్లైడు మళ్లీ చూశాడు. "చెడ్డది ఓ అంచున నువ్వుగింజంత ఉంది, నిజమే. కానీ అది ఈవిడది కాదని ఎలా చెప్పను? దిమ్మలో ఇక మైనం తప్ప ఏమీ లేదు, మళ్లీ ముక్క తీసి చూసే వ్యవధీ లేదు. అనుమానం మీద ఆపరేషను ఆపలేను."

"స్లైడు మీది పొరను ఊడదీసి నీళ్లలో వదులుదాం" అంది మేడమ్. "ఆ రోజు ఈవిడ బస్టాండులో ఉంది, తాతగారింకా ఆస్పత్రిలో చేరలేదు. అందుకే ముక్కలు కదల్లేదు, ఎవరికీ తెలియలేదు. ఈరోజు ఈవిడ వరండాలో ఉంది, ఆయన పైన ఉన్నాడు."

"ఉన్నది ఒక్కటే స్లైడు. చిరిగితే నా చేతిలో ఏమీ మిగలదు."

"చిరుగుతుందని ఊరుకుంటే రేపు ఆవిడకు గొంతే మిగలదు."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, తలూపాడు.

పొరను కప్పుతూ స్లైడు మీద అతికించిన పల్చటి అద్దం ఊడటానికి ద్రావకంలో నానబెట్టారు. పక్క గదిలో కొత్త మిషను మొదలైంది. చప్పట్లు, ఈలలు, "అబ్బ, దానంతట అదే మూత తీసిందే!" అనే కేకలు. తుఫాను కదల్లేదు. తొట్టె ముందు కూర్చుని నీళ్లు తుడిచింది. మెత్తటి కాగితం నీటి మీద పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు లాగి, పారేసి, మళ్లీ పరిచి మళ్లీ లాగింది.

"ఎన్నిసార్లు తుడుస్తావే?" అంది మేడమ్.

"పిన్ని కోసం మేడమ్" అంది.

మధ్యాహ్నం దాటాక అద్దం ఊడింది. "నువ్వే తియ్యి" అంది మేడమ్. తుఫాను ఊపిరి బిగబట్టి బ్లేడు అంచుతో పొరను వదులు చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఏ పనీ ఇంత మెల్లగా చేయలేదు. అప్పటికి పిల్లలంతా కొత్త మిషనును వదిలేసి తొట్టె చుట్టూ మూగారు.

పొర నీళ్లలో పరుచుకుంది. గులాబీ రంగు మీద నీలం చుక్కలు. ఓ అంచున నువ్వుగింజంత ముక్క అంటుకుని ఉంది. రెండూ కదల్లేదు.

"కదలండమ్మా" అంది తుఫాను, బతిమాలుతూ.

పెద్ద పొర ఒకసారి వణికింది. నెమ్మదిగా తిరిగి వరండా తలుపు వైపు బయలుదేరింది. చిన్నది దానితోపాటు కాస్త దూరం వెళ్లి, తెగి, ఆగింది. ఆగి, వెనక్కి తిరిగి మెట్ల వైపు పోయింది.

"విడిపోయాయి! విడిపోయాయి!" పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గంతులేశారు.

"ఆగండి" అన్నాడు డాక్టరు. "ఆవిడను వరండాలో ఆ చివరికి నడవమనండి."

తుఫాను తలుపు తోసి పరిగెత్తింది. "పిన్నీ, నడు! ఎందుకో అడక్కు, నడు!"

పిన్ని అడగలేదు, అడగడానికి లేదు కదా. చేతిసంచి చంకన పెట్టుకుని బస్సు తప్పిపోతున్నట్టు నడిచింది. లోపల తొట్టెలో పెద్ద పొర కూడా ఆమె వెంటే గోడ పక్కన జరిగింది. ఆమె తిరిగి వచ్చింది, అదీ తిరిగి వచ్చింది. చిన్న ముక్క మాత్రం మెట్ల వైపు అంచుకు ఆనుకుని ఉండిపోయింది.

"తాతగారినీ నడిపిద్దామా?" అని ఎవరో అడిగారు.

"పాపం, ఆయన్ని పడుకోనివ్వండి. ఆయన జబ్బు ఆయనకు తెలుసు, వైద్యం జరుగుతోంది" అన్నాడు డాక్టరు. రెండు ముక్కలనూ వేరువేరు స్లైడ్ల మీదికి ఎత్తించి, పెద్దదాన్ని ఎంతసేపు చూశాడో! చివరికి తలెత్తి నవ్వాడు. "మామూలు బుడిపె. అరిచి అరిచి తెచ్చుకున్నదే. ఆపరేషను లేదు. ఓ నెల నోరు మూసుకుంటే చాలు."

తుఫాను వరండాలో పిన్ని కాళ్ల దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పింది. "నావల్లే పిన్నీ, నా తొందర వల్లే." పిన్ని అంతా విని, ఠంగుమని ఒక మొట్టికాయ వేసింది. తర్వాత ఆ తలనే గుండెకు అదుముకుని, అప్పుడు ఏడ్చింది.

సాయంత్రం మేడమ్ పిలిచింది. "కొత్త మిషను మీదికి వేరే అమ్మాయిని పంపుతున్నాను."

"అలాగే మేడమ్."

"నువ్వు నా తొట్టె దగ్గరే ఉండు. రేపటినుంచి పొద్దున ప్రశ్న కూడా నువ్వే అడుగు."

తుఫానుకు బాధ వేసింది, వేయలేదని అంటే అబద్ధం. దానికన్నా సంతోషం పెద్దదిగా ఉంది.

నెల గడిచింది. పొద్దున బస్టాండు కిటకిటలాడుతోంది. ల్యాబ్ పిల్లలంతా బస్సు కోసం నిలబడ్డారు. మైకు గరగరలాడింది. బొంగురు లేదు, జీర లేదు. పాత గొంతే, పిన్ని గొంతే.

"ప్రయాణికులకు మనవి. ఆస్పత్రి వైపు వెళ్లు బస్సు మూడవ ప్లాట్‌ఫాం మీద సిద్ధముగా ఉన్నది. దయచేసి తోసుకొనరాదు." కాస్త ఆగింది. "నీలం సంచి అమ్మాయి దయచేసి గమనించగలరు. ఒక దిమ్మ కోయడం అయ్యాక, రెండోది పెట్టేముందు ఏం చేయాలి?"

తుఫాను సంచి కింద పడేసి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, బస్టాండంతా తిరిగి చూసేలా అరిచింది.

"నీళ్లు తుడవాలి!"