అత్తగారి అడుగులతో

తుంటి ఎముక విరిగినప్పటి నుంచి అత్తగారు ఇంటి గుమ్మం దాటలేదు. ఎనిమిది నెలలైంది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. ఒకనాడు టీ తాగుతూ, "పెద్ద పార్కులో చెరువు చూసి ఎన్నాళ్లయిందో," అంది. అడిగినట్టు కాదు, ఊరికే అనుకున్నట్టు.

కోడలు సిటీ బస్సు కండక్టరు. ఆ వారం సెలవు రోజున ఒక్కతే పార్కుకు వెళ్లింది. అత్తగారిలాగే చిన్న చిన్న అడుగులు వేస్తూ గేటు నుంచి చెరువు దాకా నడిచింది. దారిలో ప్రతి బెంచీ మీదా కూర్చుంది. ఏది నీడలో ఉందో, దేనికి వీపు ఆనించుకునే వీలుందో, మెట్లు ఎక్కకుండా పోయే దారెక్కడుందో కాగితం మీద గీసుకొచ్చింది.

అది చూసి భర్త నవ్వాడు. "అమ్మను షికారుకి తీసుకెళ్తున్నావా, దండయాత్రకా?"

"మీరు బుట్ట మోయండి చాలు. మిగతాది నేను చూసుకుంటా."

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. మూడు బెంచీల దగ్గర అనుకున్నట్టే ఆగారు. నాలుగోదానికి అప్పుడే రంగు వేసి, చుట్టూ తాడు కట్టారు. కోడలు కాగితం తీసి చూసుకుంది. ఐదోది చాలా దూరం.

"వెనక్కి పోదామా అత్తయ్యా?" అంది మెల్లగా.

అత్తగారు చేతికర్ర మీద బరువు వేసి కాసేపు నిలబడింది. "ఇంత కష్టపడి దారి చూసొచ్చావు. ఇప్పుడు వెనక్కి పోతే నా పరువేం కాను? చెయ్యి ఇటివ్వు."

ఇరవై అడుగులకోసారి ఆగుతూ నడిచారు. కొడుకు నవ్వులు మాని రెండోవైపు పట్టుకున్నాడు. చెరువుగట్టున ఉన్న బెంచీ మీద కూలబడి, అత్తగారు ఊపిరి కూడదీసుకుని బాతులను చూస్తూ ఉండిపోయింది.

పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దావిడకు మోకాళ్ల నొప్పులట. గేటు నుంచి ఇంత దూరం ఎలా రాగలిగారని అడిగింది.

"మా కోడలు," అంది అత్తగారు నిటారుగా కూర్చుని. "నా అడుగులతో ముందే ఈ దారంతా నడిచి చూసింది. కొడుకు కాదండీ, కోడలు."

బుట్ట విప్పుతున్న కొడుకు వినపడనట్టు తలవంచుకున్నాడు.

పెద్దావిడ కోడలి చేతిలోని ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుంది. అత్తగారు అందులో ఒక్కో బెంచీ గుర్తు మీదా వేలు పెట్టి వివరంగా చెప్పుకుపోతోంది. రోజంతా బస్సులో వందమందితో మాట్లాడే కోడలికి, తన గురించి ఒకరు అలా చెబుతుంటే ఎటు చూడాలో తెలియలేదు. నీళ్లవైపు తిరిగి కూర్చుంది. నవ్వు మాత్రం ఆగలేదు.