తుమ్మెద చెయ్యి

టైలరమ్మ ఎడమ చేతిలో డాక్టర్లు మోటారు బిగించారట, పక్కన కూర్చుంటే గుయ్యిమని వినిపిస్తుందట, కరెంటు పోయినా ఆవిడ కుట్టుమిషను ఆగకపోవడానికి అదే కారణమట. ఇదంతా ఎదురింటావిడ ఇస్త్రీ బండి దగ్గర చెప్పిందట. ఇస్త్రీ ఆయన తనవంతుగా ఆ మోటారుకి ఒక బ్యాటరీ తగిలించి టైలరమ్మ ఆడపడుచు చెవిన వేశాడు. ఆవిడ ఆ కబురు చల్లారకుండా మోసుకొచ్చి, ఎముకల ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని మరదలికి అప్పగించింది.

"బ్యాటరీ ఎప్పుడు మార్చాలో చెప్పలేదా వదినా?" అంది టైలరమ్మ.

ఇంకోరోజైతే ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆవిడ చూపంతా ఎదుటి తలుపు మీదే ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎడమ చేతిని ఒళ్ళోకి లాక్కుంటోంది. పొద్దున్నే స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ చెయ్యి అట్టకట్టుతో మెడకు వేలాడుతోంది. మత్తిచ్చి ఎముక సరిచేస్తామన్నారు. ఆవిడ బెంగ విరిగిన చేతి గురించి కాదు, బాగున్న చేతి గురించి.

మోటారు అబద్ధమే గానీ చప్పుడు నిజం. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక, డయాలసిస్ కోసం ఆ ముంజేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. కలిసినచోట రక్తం ఉరకలేస్తూ తుమ్మెదలా రొద పెడుతుంది. రొద ఉన్నంతకాలం డయాలసిస్‌కి దారి ఉన్నట్టు. డయాలసిస్ వాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ చేతికి సూది గుచ్చకూడదు, బీపీ పట్టీ బిగించకూడదు. రక్తం గడ్డకడితే దారి మూసుకుపోతుంది. కుడి చేతిలో నరాలు సన్నమని అప్పుడే తేల్చేశారు. ఇదీ పోతే మళ్ళీ మెడలో గొట్టమే. ఆ గొట్టంతో, వచ్చిపోయే చలిజ్వరాలతో ఆవిడ చాలా రోజులే ఈడ్చింది.

అందుకని తనకి చేతనైన పని చేసుకుంది. ప్రతి రవికకీ ఎడమవైపు మణికట్టు దాకా వదులుగా తొడుగు కుట్టి, దాని మీద 'ఈ చెయ్యి ముట్టుకోవద్దు' అని ఎర్రదారంతో అల్లింది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయినవాళ్ళు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలు.

తలుపు తీసుకుని బీపీ మిషనుతో సిస్టరు వచ్చింది. వస్తూనే ఎడమ చేతి వైపు వంగింది.

"ఆ చెయ్యి వద్దు సిస్టరమ్మా. డయాలసిస్ చెయ్యి. ఇదిగో, రాసుంది."

"కుడిచెయ్యి విరిగిందంటారు, ఎడమచెయ్యి వద్దంటారు. నా చేతికి చూసుకుని మీ పేరు రాయమంటారా?"

"కాలికి చూడొచ్చమ్మా. మా డయాలసిస్ వాళ్ళు అలాగే చూస్తారు."

"కాలికా! ఇప్పుడు కాలికి చూస్తే, ఆనక తలకి చూడమంటారు." సిస్టరు అటుగా వెళుతున్న ఎముకల డాక్టరును పిలిచింది. "సార్, ఈవిడ చెయ్యి ఇవ్వనంటున్నారు."

డాక్టరు చేతిలోని ఎక్స్‌రే నుంచి చూపు తిప్పలేదు. "ఒక్కసారికి ఏమీ కాదమ్మా."

"అయితే ఎవరి పూచీ బాబూ?"

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. "సరే, కాలికే కట్టండి. మాటలతో పొద్దుపోతోంది."

ఆడపడుచు మరదలి మోచేతిని పొడిచింది. "పెద్ద చదువులవాళ్ళతో ఎందుకే అంత నోరు? కోపం వచ్చి ఎముక వంకరగా పెడితే?"

"ఎముక వంకరైనా బతుకుతాను వదినా. నేను మత్తులో ఉంటే ఈ చేతికి నువ్వే కాపలా. ఎవరు పట్టీ కట్టబోయినా అరిచి గోల చెయ్యి. సిగ్గుపడకు."

"నా నోటి సంగతి నీకు తెలీదా? మన వీధిలో కుక్కలు కూడా దారిస్తాయి," అంది ఆడపడుచు.

లోపల పని తొందరగానే అయింది. ఎముక చక్కగా కూర్చుంది. టైలరమ్మను మత్తు దిగేదాకా పడుకోబెట్టే గదిలోకి తెచ్చి, ఆడపడుచును పక్కన కూర్చోనిచ్చారు. ఈలోగా సిస్టరు డ్యూటీ దిగింది. కొత్తగా వచ్చినావిడది మెత్తటి మాట, శుభ్రమైన పని.

టైలరమ్మకి మెలకువ వచ్చేసరికి ఎడమ చెయ్యి తేలిగ్గా, చల్లగా ఉంది. తొడుగు లేదు. కుట్టు వెంబడే, గుడ్డ పాడవకుండా కత్తిరించి, మడతపెట్టి దిండు పక్కన ఉంచారు. చేతికి బీపీ పట్టీ ఉంది. ఆవిడ చూస్తుండగానే అది బుస్సుమని ఉబ్బి పిండింది.

"తీయండి! తీసేయండి!"

కొత్త సిస్టరు పరుగున వచ్చి పట్టీ విప్పింది. "కంగారు పడకండమ్మా. కాలికి కడితే మిషను సరిగ్గా చూపించలేదు, అందుకే చేతికి మార్చాను. మీరు పడుకున్నంతసేపూ మిషను దానంతటదే చూసుకుంది."

"గుడ్డ మీద రాసుంది కదమ్మా?"

"ఏదో డిజైన్ అనుకున్నానమ్మా. జాగ్రత్తగానే కత్తిరించాను, మళ్ళీ కుట్టుకోవచ్చు."

టైలరమ్మ ఆడపడుచు వైపు తిరిగింది. వీధి కుక్కలకి దడ పుట్టించే మనిషి చీర చెంగు నలుపుతూ నేల చూసింది. "చూశానే... అంత నెమ్మదిగా కడుతుంటే, అంత చదువుకున్న పిల్లకి తెలీకుండా ఉంటుందా అనుకున్నాను."

టైలరమ్మ ముంజేతిని చెవికి ఆనించుకుంది. కాస్త కిందికి జరిపింది, పైకి జరిపింది. బయట తోపుడు మంచం చక్రాల కీచు వినిపించింది. ఫ్యాను వినిపించింది. కట్టులోంచి బయటికి ఉన్న కుడిచేతి వేళ్ళతో ఆ నరాన్ని తడిమింది. రోజూ వేళ్ళ కింద వణికే నరం తాడులా గట్టిగా తగిలింది.

"ఎంత బాగుందో చూడండి బీపీ," అంది సిస్టరు, మిషను ఆవిడ వైపు తిప్పుతూ. "చేతికి మాత్రం ఏమైందని? వాపు కూడా లేదు."

టైలరమ్మ లేచి కూర్చుంది. చెయ్యి చాచి సిస్టరు చెవి దగ్గర పెట్టింది. ఆ పిల్ల పాపం, వంగి, కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింది.

"ఏమీ వినపడట్లేదమ్మా," అంది ఊపిరి పీల్చుకుని.

"పొద్దుటిదాకా వినపడేది."