బావ జేబులో బామ్మర్ది లైసెన్సు

వంతెన మొదట్లో పోలీసులు ఇనప కంచెలు అడ్డం పెట్టి, వచ్చిన బండినల్లా ఆపుతున్నారు. ఎవరో పెద్దమనిషి కాసేపట్లో ఆ దారిన పోతాడట. పెద్దమనుషులు పోయే దారిలో మిగతావాళ్లు ఆగడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే కాబట్టి, డబ్బుల వ్యాను డ్రైవరు ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చుకుని ఆవులించాడు. పక్కన పెద్ద గార్డు మాత్రం ఇస్త్రీ చొక్కా నలక్కుండా నిటారుగా కూర్చున్నాడు. వ్యాను ఖాళీదే. బ్యాంకుకు పోయి డబ్బు పెట్టెలు ఎక్కించుకుని, ఊళ్లో డబ్బు మిషన్లన్నిటికీ మేత వేసి రావడం వాళ్ల పని.

వాళ్ల వీధిలో ఆయన్ని పెద్ద గార్డు అంటారు. ఆయన భార్య తమ్ముణ్ణి చిన్న గార్డు అంటారు. ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే వృత్తి. ఎవరి పిస్తోలు వాళ్లు సొంతంగా కొనుక్కుని, ఎవరి లైసెన్సు వాళ్లు తెచ్చుకుని, నడుముకు కట్టుకుని ఉద్యోగం చేస్తారు. పెద్దాయనది డబ్బుల వ్యాను. చిన్నవాడిది బ్యాంకు గేటు. చిన్నవాడికి ఆ పని ఇప్పించిందీ, పిస్తోలు పట్టుకోవడం నేర్పిందీ బావే. అయినా కొంతకాలంగా వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు.

పోలీసు ఆఫీసరమ్మ వ్యాను కిటికీ దగ్గరికొచ్చింది. పొడుగు మనిషి. ఎండకు కళ్లు చికిలించి లోపలికి చూసింది.

"నడుముకేంటది?"

"పిస్తోలమ్మా. డ్యూటీది. నా సొంతమే."

"లైసెన్సు చూపించండి."

"ఉందమ్మా," అన్నాడు పెద్ద గార్డు. ఆ మాట అనడం ఆయనకు ఇష్టం. అడిగేవాళ్లు తక్కువై గానీ, రోజూ అడిగినా రోజూ అంతే ఇష్టంగా చూపిస్తాడు. అన్నేళ్ల లైసెన్సులో ఒక్క మచ్చ లేదు. చొక్కా జేబు గుండీ విప్పి, ఎర్ర రెక్సిన్ తొడుగులో ఉన్న చిన్న పుస్తకాన్ని సగం పైకి లాగి, బొటనవేలితో తెరిచాడు.

లోపల బామ్మర్ది మొహం ఉంది. ఫొటో తీసేవాడెవడో బెదిరించినట్టు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

పెద్ద గార్డు బొటనవేలు దానంతటదే పుస్తకాన్ని మూసేసింది.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఆయనకు పెద్ద సేపు పట్టలేదు. ఇంట్లో కుట్టుమిషను నడిపే భార్య, పాత సోఫా గుడ్డ మిగిలితే రెండు లైసెన్సులకూ ఒకే రకం తొడుగులు కుట్టింది. ఫ్రిజ్ మీద ఎడమపక్క ఆయనది, కుడిపక్క తమ్ముడిది. నిన్న అంచులు ఊడుతున్నాయని రెండూ తీసి, మళ్లీ కుట్టు వేసి పెట్టింది. ఎటుది ఎటు పెట్టిందో ఆవిడ చూసుకోలేదు. చూడాల్సిన పని తనదని ఆవిడకు ఎప్పుడూ అనిపించలేదు. అది ఆ ఇద్దరి పని.

ఆ ఇంట్లో ఒక పద్ధతుండేది. పొద్దున్నే గుమ్మం దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి పుస్తకం ఒకరికి ఇచ్చుకునేవాళ్లు. బావది బామ్మర్ది తెరిచి పేరు పైకి చదవాలి. బామ్మర్దిది బావ చదవాలి. ఎవరిది వాళ్లు చూసుకోకూడదు, మన కళ్లకు మనది ఎప్పుడూ సరిగ్గానే కనపడుతుందని పెద్ద గార్డు పెట్టిన నియమం. మాటలు ఆగిపోయిన రోజున ఆ పద్ధతీ ఆగిపోయింది. అలిగిన మనిషి చేతికి లైసెన్సు ఎలా ఇస్తాం?

మాటలాగిపోవడానికి కారణం చెప్పుకుంటే నవ్వొస్తుంది. నలుగురూ చేరిన చోట బామ్మర్ది ఒక మాట తూలాడు. "మా బావ నడుముకున్న పిస్తోలు, మా గోడకున్న గడియారం ఒకటే. కాదులే, గడియారమన్నా గంటకోసారి మోగుతుంది," అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ కాల్చాల్సిన అవసరం రాకపోవడమే తన ఉద్యోగానికి కిరీటం అనుకుంటున్న మనిషికి, ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"ఏమైంది? ఇవ్వండి," అంది ఆఫీసరమ్మ చెయ్యి చాపి.

పెద్ద గార్డు లోపల లెక్క వేసుకున్నాడు. ఈ పుస్తకం ఇస్తే ఈవిడ పేరు చదువుతుంది. ఈ పేరుగలవాడు ఎక్కడున్నాడంటుంది. బ్యాంకుకు ఫోను చేస్తుంది. బ్యాంకు గేటు దగ్గర నిలబడ్డవాడి జేబులో తన లైసెన్సు దొరుకుతుంది. వాడిది కొత్త లైసెన్సు. మొదటి ఏడాదిలో ఏ చిన్న తేడా వచ్చినా తిరిగి ఇవ్వరు. లైసెన్సు పోతే ఉద్యోగం పోయినట్టే. తనదంటారా, పాత పేరు. ఒక దెబ్బకు తట్టుకుంటుందేమో. తట్టుకోకపోతే? పిస్తోలు పట్టుకుపోతారు, కేసు రాస్తారు, వ్యాను ఎక్కనివ్వరు. ఈ వయసులో కొత్తగా ఇంకో పని ఎవడిస్తాడు?

పుస్తకాన్ని జేబులోకి తోసి గుండీ పెట్టేశాడు.

"ఇది వేరే కాయితమమ్మా. లైసెన్సు ఇంట్లో మర్చిపోయినట్టున్నాను."

డ్రైవరు ఆవులింత మధ్యలో నోరు అలాగే ఉంచేశాడు. పెద్ద గార్డు మర్చిపోవడమా!

"దిగండి," అంది ఆఫీసరమ్మ.

దిగాడు. ఆవిడ చెప్పకముందే చేతులు దూరంగా పెట్టి, "తియ్యమంటారా?" అని అడిగాడు. ఊ అన్నాక పిస్తోలు తీసి, తూటాల అర ఊడదీసి, గొట్టంలో ఏమీ లేదని వెనక్కి లాగి చూపించి, పిడి ఆవిడ వైపు ఉండేట్టు బానెట్ మీద పెట్టాడు. ఆవిడ ఆ పద్ధతంతా చివరిదాకా చూసింది. నడుము దగ్గర తోలు ఒర చప్పిడి దవడలా లోపలికి పోయింది.

"ఇంటికి ఫోన్ చేసి తెప్పించండి. ఆ పెద్దమనిషి ఇటు వెళ్లేదాకా నేనిక్కడే ఉంటాను. ఆ లోపల వస్తే చూస్తాను. రాకపోతే స్టేషనుకే."

ఆవిడ పక్కనే నిలబడి ఉండగా పెద్ద గార్డు భార్యకు ఫోన్ చేశాడు. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"లైసెన్సు మర్చిపోయాను. తీసుకురా. వంతెన దగ్గరున్నాను."

"మర్చిపోవడమేంటి? ఫ్రిజ్ మీద ఏం లేదే, రెండూ పట్టుకుపోయారుగా."

"ఉన్నచోట ఉంటుంది. చూడు."

"ఏ ఉన్నచోట? నా మొహం! ఇదిగో, మిషను కింద కూడా చూశాను."

"ఇంట్లో కాదే..." అని నాలిక్కరుచుకున్నాడు. ఆఫీసరమ్మ అటు తిరిగి బళ్లను చూస్తోంది, చెవి మాత్రం ఇటే ఉన్నట్టుంది. "కుడిపక్కది ఎవరు తీస్తారో, ఆ తీసినవాళ్లని అడుగు."

అవతల ఆవిడ గొంతు బాగా తగ్గింది.

"అయ్యో. వాడిది మీ దగ్గరుందా?"

"ఆఁ."

"మీది వాడి దగ్గరా?"

"ఆఁ."

"నా చేతులు విరగ! మీరేం మాట్లాడకండి. నేనొస్తున్నాను."

ముగ్గురూ వంతెన గోడ నీడలో నిలబడ్డారు. డ్రైవరు పక్కనున్న తోపుడు బండి దగ్గర్నుంచి టీలు తెచ్చాడు. ఒకటి ఆఫీసరమ్మకు ఇవ్వబోతే వద్దంది. మళ్లీ ఏమనుకుందో తీసుకుంది.

"ఎన్నాళ్లనుంచి చేస్తున్నారీ పని?" అని అడిగింది.

"జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచమ్మా."

"ఎప్పుడైనా కాల్చాల్సొచ్చిందా?"

పెద్ద గార్డు సమాధానం చెప్పేలోపే డ్రైవరు అందుకున్నాడు. "లేదు మేడమ్. వీళ్ల బామ్మర్ది అంటుంటాడు, ఆ పిస్తోలూ గోడ గడియారమూ ఒకటేనని..." మొత్తం చెప్పేసి, తనే నవ్వాడు.

ఆఫీసరమ్మ నవ్వలేదు. "నేనూ ఎప్పుడూ కాల్చలేదు," అని టీ తాగింది.

ఆ మాటకు పెద్ద గార్డు టీ గ్లాసు దించి ఆవిడ వైపు చూశాడు. ఇన్నాళ్లూ తను ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోయినదాన్ని, ఎవరో దారిన పోయే మనిషి టీ గుక్కకీ గుక్కకీ మధ్య తేల్చేసింది. అలాంటి మనిషికి అబద్ధం చెప్పానే అని జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి అక్కడ ఉంచడం మంచిది కాదని మళ్లీ తీసేశాడు.

కొంతసేపటికి కంచెల వెనక స్కూటరు ఆగింది. నడిపేది భార్య. వెనక కూర్చున్నది బామ్మర్ది. యూనిఫాం మీదే ఉన్నాడు, నడుముకు ఒర ఖాళీగా వేలాడుతోంది. స్కూటరు పూర్తిగా ఆగకముందే దూకి, ఎర్ర పుస్తకం పైకెత్తి పట్టుకుని గబగబా వచ్చాడు.

"మేడమ్, తప్పంతా నాది. మా బావ లైసెన్సు నేను పట్టుకుపోయాను. నాది ఆయన జేబులో ఉంది."

"ఒరేయ్!" అన్నాడు పెద్ద గార్డు.

"ఏంటి ఒరేయ్? నిజమేగా?"

"నిన్నెవడు రమ్మన్నాడు? కాయితం మీ అక్కకిచ్చి గేటు దగ్గర నిలబడక!"

"లైసెన్సు లేకుండా పిస్తోలు పెట్టుకుని నిలబడమంటావా? నువ్వే కదా వద్దని నేర్పింది! అక్క చెప్పగానే మేనేజరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. పిస్తోలు ఆయన ఎదురుగానే బ్యాంకు బీరువాలో పెట్టి తాళం వేయించాను. మధ్యాహ్నం లోపల రమ్మన్నాడు."

వాణ్ణి కాపాడదామని పెద్ద గార్డు ఇంతసేపూ మోస్తున్న అబద్ధాన్ని వాడు వచ్చి నడిరోడ్డు మీద గుడ్డలిప్పి నిలబెట్టాడు.

ఆఫీసరమ్మ చెయ్యి చాపింది. "ఆ వేరే కాయితం ఇవ్వండి."

గుండీ విప్పి ఇచ్చాడు. ఆవిడ రెండు పుస్తకాలూ బానెట్ మీద పక్కపక్కన పెట్టి, ఫొటోలు చూసింది, మొహాలు చూసింది, పిస్తోలు మీద నంబరు చూసింది. తర్వాత బ్యాంకు మేనేజరుకు ఫోన్ చేసి, బీరువా సంగతి నిజమేనని తెలుసుకుంది.

"నాతో అబద్ధం చెప్పారు."

"చెప్పానమ్మా."

"ఎందుకు?"

"వాడిది కొత్త లైసెన్సు."

"రెండూ పట్టుకుపోయారుగా అని మీ ఆవిడ అంది," అంటూ ముగ్గురి వైపూ చూసింది ఆఫీసరమ్మ. "ఫోన్లో అంత గట్టిగా మాట్లాడితే నాకు వినపడదనుకున్నారా మీరంతా? మొదట్నుంచీ తెలుసు నాకు. ఆ జేబు గుండీ మీరు ఎప్పుడు విప్పుతారా అని చూస్తున్నాను."

భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరమ్మ చిన్న గార్డు పుస్తకం అతనికి ఇచ్చేసింది.

"నీ మీద ఏమీ రాయను. అడక్కముందే చెప్పావు. కాకపోతే ఇకనుంచి తెరిచి చూసుకో." తర్వాత పెద్దాయన వైపు తిరిగింది. "మీది ఒరిజినలే, కాబట్టి కేసు లేదు. కానీ అడిగినప్పుడు చూపించలేదు, అడిగితే తప్పు చెప్పారు. ఆ రెండూ ఇందులో రాస్తాను. పిస్తోలు రేపు పొద్దున స్టేషనుకొచ్చి తీసుకెళ్లండి. రసీదు ఇస్తాను."

"అలాగేనమ్మా."

"మేడమ్, ఆయన లైసెన్సు ఇన్నేళ్లూ..." అన్నాడు బామ్మర్ది. "ఒక్క గీత కూడా లేదు మేడమ్. కావాలంటే నా దాంట్లో రాయండి."

"నువ్వు నోర్ముయ్యి," అన్నాడు బావ. "రాయనీ."

ఆవిడ చివరి పేజీ తెరిచి, బానెట్ మీద ఆనించి, నిదానంగా రాసింది. పెద్ద గార్డు తల తిప్పుకోకుండా చూశాడు. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. ఎప్పటికైనా ఆ పేజీ మీద ఎవరో ఒకరు రాయాల్సే వస్తే, ఇదే నయమనిపించింది ఆయనకు. సంతకం పెట్టమన్న చోట పెట్టాడు.

గార్డు లేని వ్యాను బ్యాంకుకు పోకూడదు కనక డ్రైవరు ఆఫీసుకు ఫోన్ చేసి, వెనక్కి తిప్పుకున్నాడు. "నేనేం చెప్పను అన్నా, కడుపులో పెట్టుకుంటా," అని వెళ్లాడు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని అందరికీ తెలుసు.

భార్య స్కూటరు స్టార్ట్ చేసింది. ఇద్దరూ ఎక్కబోతుంటే కంచె దగ్గర్నుంచి ఆఫీసరమ్మ కేక వేసింది. "ముగ్గురెక్కితే దానికీ రాస్తాను!"

"మీరిద్దరూ నడవండి," అంది భార్య. "కాళ్లన్నా కలిసి నడుస్తాయేమో చూద్దాం." బుర్రుమని వెళ్లిపోయింది.

వంతెన మీద ఇద్దరూ ఖాళీ ఒరలతో నడుస్తున్నారు. పక్కనుంచి ఆ పెద్దమనిషి బళ్లు వరసగా, దుమ్ము రేపుకుంటూ పోయాయి.

"నేనూ బ్యాంకుకొస్తాను," అన్నాడు పెద్ద గార్డు. "మేనేజరుతో నేను మాట్లాడతా. నువ్వు నోరు తెరవకు."

"నువ్వు మాట్లాడితే మళ్లీ ఇంకో అబద్ధం ఆడతావు బావా."

"ఏడిశావులే."

"నేనే చెప్తా. నువ్వు పక్కన నిలబడు, చాలు."

అవతలి ఒడ్డు దిగాక మలుపు దగ్గర ఇంటి దారి పక్కకు పోతుంటే, పెద్ద గార్డు అటు తిరగకుండా బామ్మర్ది వెంట బ్యాంకు వైపే నడిచాడు.